ఎడమ చక్రం లెక్క

మరిదికి,

ప్రియమైన అని మొదలుపెట్టడానికి ఈసారి చెయ్యి రావడం లేదు. మొన్న నువ్వొచ్చి వెళ్లినప్పటి నుంచి మా బడి పిల్లలూ నేనూ కట్టిన రోబో కుడికి లాగుతోంది. దాని ప్రతి చక్రం పక్కనా ఇరవై చిల్లుల బిళ్ల ఉంది. చిల్లులోంచి కాంతి దాటినప్పుడల్లా సెన్సార్ ఒకటి లెక్కపెడుతుంది, అలా వేగం తెలుస్తుంది. ఎడమది తక్కువ చూపిస్తోంది. వెనకబడిందనుకుని రోబో దానికే ఎక్కువ కరెంటు పంపుతోంది. మోటారు మార్చినా అంతే. సోమవారం హెడ్‌మిస్ట్రెస్ వచ్చి చూస్తారు. తిన్నగా నడవకపోతే మా క్లబ్బు గదిలో విరిగిన బెంచీలు పడేస్తారట. ఏం చేశావో నిజం చెప్పు.

— వదిన

ప్రియమైన వదినకి,

నేరాలు ఒప్పుకుంటున్నాను. గడియారం గంట ముందుకి తిప్పింది నేనే. అన్నయ్య ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తెరవని సెలూన్ ముందు నిలబడ్డాడంటే నా చలవే. పంచదార డబ్బాలో ఉప్పు పోసిందీ నేనే. ఆ టీ తాగి కూడా మీరు "బాగుంది" అన్నారంటే అది మీ నాలుక తప్పు. రోబోతో మాత్రం ఆటలాడలేదు. ఏడో తరగతి తప్పినవాడినే కానీ, గది పోతే పిల్లలు ఎక్కడ కూర్చుంటారో తెలియనంత మొద్దుని కాను. ఇన్నేళ్ల అల్లరికి ఇదే శిక్ష కాబోలు, నిజం చెప్పినా నమ్మే దిక్కు లేదు.

పైగా నేను చేసింది ఉపకారం. ఎడమ చక్రం కీచుమంటుంటే, సైకిల్ షాపువాడినై ఉండి వింటూ ఊరుకోగలనా? సంచిలోని నల్ల గ్రీజు వేలెడంత తీసి లోపలికంటా పట్టించాను. ఇప్పుడు పిల్లిలా నడుస్తోందా లేదా? దానికి ఒక్క మాటైనా రాయలేదు మీరు.

— ఈసారికి దొంగ కాని మీ మరిది

ప్రియమైన మరిదికి,

నీ ఉత్తరం శనివారం అందింది. గ్రీజు అన్నచోటే చదవడం ఆపి స్క్రూడ్రైవర్ అందుకున్నాను. బిళ్లలో ఒక చిల్లు నిండా నీ ఉపకారమే. చక్రం ఇరవై తిప్పలు పడుతుంటే సెన్సార్‌కి పంతొమ్మిదే కనిపిస్తున్నాయి పాపం. తుడిచాను, లెక్క కుదిరింది. సోమవారం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గీత గీసినట్టు నడిచింది. హెడ్‌మిస్ట్రెస్ చూసి, క్లబ్బు గది తాళం చెవి నా బల్ల మీద పెట్టి వెళ్లారు. బెంచీలు మెట్ల కిందకి పోయాయి.

నిన్ను అనుమానించాను, మనసులో పెట్టుకోకు. సెలవులకి తప్పకుండా రా. ఎంత అల్లరైనా చెయ్యి, భరిస్తాను. మంచి పని చెయ్యాలనిపిస్తే మాత్రం ముందు నాకొక ఉత్తరం రాసి, జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చో.

— వదిన