పద్దెనిమిది ఫుట్‌నోట్లు తీసేశాను

ఖాసిం భాయ్, సలాం.

నువ్వు వెళ్లిపోయి పద్నాలుగు నెలలు. నా మోకాళ్లు అలాగే ఉన్నాయి. నోరు మాత్రం ఇంకా పాడైంది. నీకిది కొత్త కబురేం కాదులే...

నీ నోటుపుస్తకం అచ్చుకు పోతోంది. వరంగల్‌లో మనం పనిచేసిన ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చిన రోజుల గురించి రాసుకున్నావే, అదే. పేజీలు కూర్చుతున్నది నీ కూతురు షాహీన్. వెబ్ పేజీలకు వాడే సీఎస్ఎస్ అనే కోడ్‌తోనే పుస్తకం పేజీలు కూడా చేయొచ్చట. నువ్వు నమ్ముతావా? నేను నమ్మలేదు. వారం రోజులు సణిగాను.

మొదటి ప్రింటు తేగానే కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాను. నువ్వు అచ్చయి వచ్చిన ప్రతి ఫారాన్నీ అలాగే చూసేవాడివి కదా... "సేటూ, ఎన్క వరస ముందు వరస మీదనే పడాలె. అచ్చుతప్పు పోతే నీ పరువు పోతది, వరస తప్పితే నాది పోతది." మా కిరాణా దుకాణం వదిలి ప్రూఫులు దిద్దడానికి వచ్చానని చివరిదాకా నన్ను సేటు అనే వెక్కిరించావు.

వరసలు తప్పాయి, భాయ్. పేజీ సగం నుంచి, కాగితం వెనక వైపు వరసలు ముందు వైపు వరసల సందుల్లోకి జారాయి. నీ పరువు పోయే పని నీ పుస్తకంలోనే జరగాలా?

నిజం చెప్పనా... లోపల నాకు సంతోషమే. కంప్యూటర్ ఓడింది కదా! షాహీన్‌కు గంటసేపు క్లాసు పీకాను.

ఆ పిల్ల తెర మీద పేజీకి రూళ్ల కాపీలో లాగా పదహారు పాయింట్లకొక నీలి గీత గీసింది. ప్రతి వరసా ఒక గీత మీద కూర్చోవాలి. శీర్షికల అక్షరాలు పెద్దవి కనుక, వాటి ఎత్తూ పైనా కిందా వదిలిన ఖాళీ కలిపి సరిగ్గా మూడు వరసలు వచ్చేలా ముందే చూసుకుందట. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా కొన్ని పేజీలే ఎందుకు జారుతున్నాయి?

వేలు పెట్టి వెతుకుతూ ఒక చోట ఆగింది. చిన్న అంకె. ఫుట్‌నోటుకు గుర్తుగా పైకెత్తి వేసిన అంకె. అది తనున్న వరస ఎత్తును రెండు పాయింట్లు పెంచుతోంది. దాని కిందివన్నీ జారిపోతున్నాయి.

పుస్తకం మొత్తంలో ఫుట్‌నోట్లు పంతొమ్మిది. పంతొమ్మిదీ నేను చేర్చినవే.

వాటిలో ఏముందంటావా? ఎవరు ఎవరి వాక్యం ఎత్తుకున్నారో, ఏ లెక్చరర్ పుస్తకం చదవకుండా ముందుమాట రాశాడో, ఏ కవి తన పుస్తకానికి తానే సమీక్ష రాసి మారుపేరుతో పంపాడో... నీ జ్ఞాపకాల కింద నా కచేరీ.

మందు చిన్నదే. ఆ అంకె సొంత ఎత్తును లెక్కలోకి తీసుకోవద్దని షాహీన్ ఒక్క వరస కోడ్ రాసింది. అంతే, అన్నీ గీతల మీదికి వచ్చాయి. అంకెలు ఉన్నా ఇక వరస తప్పదు చాచా, మీ నోట్లు ఉంచుకోండి అంది.

కానీ భాయ్, ఆ నోట్లన్నీ ఒక్కసారిగా చదివితే నాకే నవ్వొచ్చింది. పుస్తకమంతా వెతికినా నువ్వు ఎవరినీ ఒక్క మాట అన్నట్టు లేదు. "జర ఊకో సేటూ. వాళ్ల తప్పులన్నీ ప్రూఫులల్లనే దిద్దినం గదా" అనేవాడివి...

పద్దెనిమిది తీసేశాను. నాకు జ్వరమేమోనని షాహీన్ నుదురు పట్టి చూసింది.

ఒక్కటి ఉంచాను. నువ్వు ముప్ఫై ఏళ్లు కూర్చిన పుస్తకాల్లో ఒక్కదానిలోనూ నీ పేరు వేయని మన యజమాని గురించినది. నువ్వు మాఫ్ చేశావు, తెలుసు. నేను చెయ్యలేదు. కలలోకి వచ్చి అడిగినా అది తీయను.

నీ
రామచంద్రం