బటన్ల ఫోన్‌కు చేయకండి

హుజూరాబాద్

బాపుకు, అవ్వకు మహేశ్వరి దండాలు. నా పానం బాగానే ఉంది, ఫికర్ చేయకండి. నెల రోజులుగా వీడియోలో కనిపించకపోవడానికి కారణం రాస్తున్నాను. చెల్లె రుచితతో నేను చేతులతో మాట్లాడుతుంటే మా అత్త చూసింది. మిగతా కోడళ్లు ఫోన్‌లో ఏం మాట్లాడినా పక్క అర్రలోకి వినిపిస్తుంది. నా సైగలు మాత్రం ఇక్కడ ఎవరికీ అర్థం కావు. "మన ముంగటనే మనమీద ఏం చాడీలు చెప్తుందో ఎవలకెరుక?" అన్నది. మీ అల్లుడు నా ఫోన్ గుంజుకొని, బొమ్మ కనిపించని బటన్ల ఫోన్ చేతిలో పెట్టాడు. "మాట్లాడెటందుకు గిది సాలదా?" అన్నాడు. పుట్టుచెవిటిదానితో! ఆయన పెదవులు తప్పు చదివానేమోనని మళ్లీ చెప్పమన్నాను. అదే మాట.

పత్తి ఏరడం అయిందా? అవ్వ మోకాలు నొప్పి తగ్గిందా? రుచితను బోథ్‌లో బస్సెక్కించి ఒక్కసారి పంపండి. ఈ ఇంట్లో నా చేతులు పనికే కదులుతున్నాయి. తమ్మునికి దీవెనలు.

ఆ బటన్ల ఫోన్‌కు మాత్రం చేయకండి. నా పక్కనే మోగినా నాకు తెలియదు. వినిపించేవాళ్లు ఎత్తరు.