అద్దానికి ఇవతల

ప్రియమైన నీకు,

ఈ ఉత్తరం రాస్తున్న వేళకి ఇక్కడ అందరం క్షేమంగా ఉన్నాం. నువ్వు కూడా ఉద్యోగానికని వెళ్ళిన ఆ గని దుమ్ములో ఒంట్లో నలత లేకుండా, వేళకింత తింటున్నావనే అనుకుంటున్నాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగుచేయించాను. ఇప్పుడు స్నానాల గదిలోది కారుతోంది. చిన్నదానికి ముందు పన్ను ఊడింది. క్లాసులో అందరికీ చూపించి, ఆ తర్వాత ఎక్కడో పారేసుకుని, సాయంత్రం దాకా ఒకటే ఏడుపు. మీ అమ్మ బీపీ అదుపులోనే ఉంది. అల్లుడి బీపీ మాత్రం మీ అమ్మ అదుపులో ఉంది.

ఇంకొకటి కూడా అడిగావు. "ఫోనులో నీ గొంతు అలా ఉందేం? నా దగ్గర ఏమైనా దాస్తున్నావా?" అని. జలుబన్నాను. అది జలుబు కాదు. కాస్త కూర్చుని చదువు.

నా పని సంగతి నీకు కొత్త కాదు. మన ఒంట్లో మాస్ట్ కణాలని ఉంటాయి. ఎలర్జీ వచ్చినప్పుడు తుమ్ములు, దద్దుర్లు, వాపులు తెప్పించేవి అవే. అవి గుండెలోనూ ఉంటాయి. గుండెపోటు వచ్చినప్పుడు అవి రెచ్చిపోయి గాయాన్ని ఇంకా పెద్దది చేస్తాయని, మందుతో వాటి నోరు నొక్కేస్తే గుండె కోలుకుంటుందని నా వాదన. మా ల్యాబులో అందరూ లాయరమ్మ అని పిలిచే ఆవిడ గుర్తుందా? మనింటికి భోజనానికొచ్చి, మన గోడ గడియారమే తప్పని వాదించి గెలిచింది. ఆవిడ మాట దీనికి సరిగ్గా ఎదురు. ఆ కణాలు లేకపోతే గాయం మానదంటుంది. ఈ గొడవలోనే మా ఇద్దరికీ మాటలు లేకుండా పోయాయి.

ఏడాదిగా ఎలుకల గదిలోకి వెళ్తే నాకు తుమ్ములొస్తున్నాయి. కళ్ళు ఎర్రబడుతున్నాయి. రోజూ వాటి మధ్యే పనిచేసేవాళ్ళలో కొందరికి వాటి మీదే ఎలర్జీ పుడుతుంది. అది తెలిస్తే ఆ గదిలోకి రానివ్వరు. అందుకని మాత్ర వేసుకుని వెళ్ళేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు.

రెండు నెలల క్రితం ఒకరోజు, పంజరంలోంచి ఎలుకని తీస్తుంటే చేతి తొడుగు మీద నుంచే వేలు కొరికింది. అదేం కొత్త కాదు. చెయ్యి కడుక్కుంటుండగా అరచేతులు దురద పెట్టాయి. పెదవి మొద్దుబారింది. ఇంతలోనే ఎవరో ఛాతీ మీద మోకాలు పెట్టి అదిమినట్టు నొప్పి. గది కిటికీ అద్దానికి అవతల వరండాలో వెళ్తున్న లాయరమ్మ ఆగి నావైపు చూసింది. ఏం లేదు, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాను. ఊపిన చెయ్యి దించేలోపే నేల మీద పడి ఉన్నాను.

ఆవిడ మాస్కు, గౌను ఏమీ లేకుండా పరిగెత్తుకొచ్చింది. గోడకున్న మందుల పెట్టెలోంచి, ఎలర్జీ ముదిరితే వాడే అడ్రినలిన్ ఇంజెక్షన్ తీసి ప్యాంటు మీదుగానే తొడలో పొడిచింది.

"నన్ను తిట్టుకోవాలని ఉంటే తిట్టుకో. కళ్ళు మాత్రం మూశావంటే ఊరుకోను" అంది.

ఆగిపోయిన మాటలు మళ్ళీ అలా మొదలయ్యాయి.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఈసీజీ కాగితం చూసి "గుండెపోటే. నొప్పికి మార్ఫిన్ ఇవ్వండి" అన్నాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మార్ఫిన్ పడితే ఆ కణాలు ఇంకా రేగే ప్రమాదముంది. చెబుదామంటే నాలుక వాచిపోయి నోట్లో తిరగడం లేదు. లాయరమ్మ చెయ్యి పట్టుకుని సిరంజి వైపు చూపించాను. ఆవిడకి అర్థమైంది.

"ఒక్క నిమిషం డాక్టర్! ముందు ఎలర్జీ వచ్చింది, ఆ తర్వాతే గుండె నొప్పి. మార్ఫిన్ ఇస్తే అది ఇంకా ఎక్కువ కావచ్చు."

"మీరు డాక్టరా?"

"కాదు. మేం ఎలుకల్లో రోజూ చూసేది ఇదే."

"ఈయన ఎలుక కాదు కదమ్మా!"

"అందుకే కదా ఇంతలా మొత్తుకుంటున్నాను!"

ఆయన కోప్పడలేదు. నా చొక్కా కాలరు పక్కకి లాగి మెడ మీది దద్దుర్లు చూశాడు. నర్సుని ఆగమని, గుండె డాక్టరుకి ఫోన్ చేశాడు. వెంటనే యాంజియోగ్రామ్ చేశారు. రక్తనాళాల్లో ఎక్కడా అడ్డంకి లేదు. ఎలర్జీ దెబ్బకి ఒక నాళం బిగుసుకుపోయిందంతే. మందులు పడ్డాక నెమ్మదిగా వదిలింది.

మీ అమ్మ చిన్నదాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. "ఎలుకలకి రావాల్సిన జబ్బు మీకెందుకొచ్చింది అల్లుడుగారూ?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా వరండాలోకి వెళ్ళి ఏడ్చింది. నీకు కబురు చేస్తానంటే నేనే ఆపాను. అది నువ్వు గని లోపలికి దిగే వారం. చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. మీ అమ్మని ఏమీ అనకు.

ఎలుకల గది వైపు ఇక చూడొద్దన్నారు డాక్టర్లు. మళ్ళీ వస్తే ఇంత తేలిగ్గా బయటపడకపోవచ్చన్నారు. మా పెద్దసారు నన్ను గదిలోకి రావద్దని, చివరికొచ్చిన నా ప్రయోగాన్ని లాయరమ్మకి అప్పగించారు.

ఇంతవరకూ చెప్పింది నా మీదికొచ్చిన ప్రమాదం. ఇక చెప్పబోయేది నేను కోరి చేసింది. దీన్ని రాయకుండా ఉత్తరం ముగించేద్దామని రెండుసార్లు అనుకున్నాను.

ఇంట్లో పడుకున్నన్నాళ్ళూ నా బుర్రలో ఒకటే పురుగు తొలిచింది. నా వాదన తప్పని నమ్మే మనిషి చేతిలో నా ప్రయోగం ఉంది. సరిగ్గా చేస్తుందా? ఎలుకలకి మందు వేళకి పడుతోందా? నా ప్రాణం నిలబెట్టిన మనిషిని అనుమానించాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, అలా నడిచొస్తానని మీ అమ్మతో చెప్పి ల్యాబుకి వెళ్ళాను. నా కార్డు రద్దు చేయడం ఇంకా ఎవరికీ గుర్తు రాలేదు. తలుపు తెరుచుకుంది. రెండు మాస్కులు, కళ్ళద్దాలు, రెండు జతల తొడుగులు వేసుకున్నాను. లోపలికి వెళ్ళాను.

ప్రతి పంజరం చూశాను. నీళ్ళు నిండుగా ఉన్నాయి. కింద వేసే పొట్టు కొత్తది. మందు ఇచ్చిన వేళలు ఆవిడ గుండ్రటి అక్షరాల్లో చీటీల మీద ఉన్నాయి. నేను బద్ధకించి వదిలేసే పనులు కూడా ఆవిడ వదల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడే గొంతు బిగుసుకోవడం మొదలైంది.

ఎలాగో బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చిపడ్డాను. ఎప్పుడూ దగ్గర ఉంచుకోమని ఆసుపత్రిలో ఇచ్చిన ఇంజెక్షన్ జేబులోంచి తీసి నేనే పొడుచుకున్నాను. బల్ల మీద కూలబడి ఫోన్ తీశాను. అంబులెన్సుకి చేయాల్సినవాణ్ణి, నీకు చేశాను. అందుబాటులో లేరంది ఆ రికార్డు గొంతు. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. ఆ ముక్కూమొహం తెలియని గొంతునే పట్టుకుని వేలాడాను, అదైనా నాతో మాట్లాడుతోంది కదా అని. అప్పుడు వేసింది నిజమైన భయం. చచ్చిపోతానని కాదు. నేను ఇక్కడున్నానని ఈ లోకంలో ఒక్క మనిషికీ తెలియదని.

అప్పుడు లాయరమ్మకి చేశాను.

"ఎక్కడున్నావ్?"

"లోపల."

ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. "ఫోన్ పెట్టకు. ఒకటి నుంచి లెక్కపెట్టు. గట్టిగా, నాకు వినపడేలా" అంది. లెక్కపెట్టాను. అంకెలు తడబడితే "ఆగావేం? తర్వాతది చెప్పు" అనేది. మధ్యలో ఆవిడ ఇంకో ఫోనులో ఎవరి మీదో అరుస్తుంటే వినపడింది. కాపలా మనిషి తలుపు తోసుకుని వచ్చాడు, వెనకాలే అంబులెన్సువాళ్ళు. నేనింకా లెక్కపెడుతూనే ఉన్నానట.

ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచి, మర్నాడు పంపేశారు. ఇంటికొచ్చి మీ అమ్మకి జరిగిందంతా చెప్పాను. ఈసారి ఆవిడ ఏడవలేదు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "నా కూతురికి నేనేం చెప్పాలి?" అని అడిగింది. జవాబు కోసం ఆగింది. ఆవిడకి చెప్పలేకపోయిన జవాబే ఇప్పుడు నీకు రాస్తున్నాను.

ఆ వారమే కార్డు తీసుకెళ్ళి పెద్దసారు బల్ల మీద పెట్టాను. జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన అరిచిన అరుపులు పై అంతస్తుకి వినపడ్డాయట. ఉద్యోగం పోలేదు. ఎలుకల గది మాత్రం పోయింది.

చివరి విడత ఎలుకలకి గుండెపోటు తెప్పించడానికి గుండె రక్తనాళానికి దారం ముడి వేయడం మిగిలిపోయింది. వెంట్రుకంత దారం. ఆ ముడి నా చేతికి అలవాటు, లాయరమ్మకి కొత్త. ఆవిడ లోపల, నేను అద్దానికి ఇవతల, మధ్యలో మైకు.

"ఇంకాస్త ఎడమకి... అయ్యో, లాగకు!"

"నువ్వు కాసేపు నోరు మూసుకుంటే వేస్తాను."

మూసుకున్నాను. ముడి చక్కగా పడింది. ఇన్నేళ్ళుగా నా వేళ్ళకే వచ్చనుకున్న పని ఇంకొకరి వేళ్ళలోకి వెళ్తుంటే చూడటం ఎలా ఉంటుందో నీకు ఎలా చెప్పను? ఇవతల నా వేళ్ళు కూడా గాల్లో ముడి వేస్తున్నాయి. ఆ పని ఆగిపోలేదన్న నిమ్మళమూ ఉంది.

మొన్ననే ఫలితాలు విప్పాం. మందు సీసాల మీద అంకెలే ఉంటాయి కనుక, ఏ గుండె ఏ గుంపుదో అప్పటిదాకా మా ఇద్దరికీ తెలియదు. మందు చివరిదాకా ఇచ్చిన ఎలుకల్లో గాయం మచ్చకట్టలేదు. గుండె గోడలు పలచబడి సాగిపోయాయి. పదేళ్ళుగా పట్టుకు వేలాడిన మాట నా కళ్ళ ముందే కూలిపోయింది.

"నువ్వన్నదే నిజం" అన్నాను.

ఎగతాళి చేస్తుందనుకున్నాను. కుర్చీ నావైపు జరిపి, "సగమే. ఇవి చూడు. మొదటిరోజు ఇచ్చి ఆపేసినవి. గాయం ఎంత చిన్నదైందో! మొదట నీ మాట నిజం, తర్వాత నా మాట. ఎక్కడ ఆపాలో తేల్చాలి. కూర్చో" అంది.

కూర్చున్నాను. గాజుపలకల మీద రంగులద్దిన గుండె ముక్కలతో నాకు ఏ ఎలర్జీ లేదు. ఇక నా చోటు ఆ మైక్రోస్కోపు ముందే.

ఇంజెక్షన్లు రెండు ఎప్పుడూ నా జేబులోనే ఉంటున్నాయి. సూది లేని నమూనా ఇంజెక్షన్‌తో మీ అమ్మ సాధన చేస్తోంది. మన సోఫా దిండు ఇప్పటికి చాలాసార్లు చావు తప్పించుకుంది.

నిన్ను ఉన్నపళంగా బయల్దేరమనడం లేదు. రావద్దనీ అనడం లేదు. నీకు ఏది తెలియాలో, ఏది తెలియకూడదో ఇన్నాళ్ళూ నేనే తేల్చేశాను. ఇక ఏం చేయాలో నువ్వే ఆలోచించుకో. శనివారం క్యాంపు ఆఫీసు నుంచి ఫోన్ చెయ్యి. ముందు కడుపారా తిట్టు. నేను మధ్యలో ఒక్క మాట మాట్లాడను. నీ ఊపిరి సర్దుకున్నాక, ప్రాణం పోవచ్చని తెలిసీ నేను లోపలికి ఎందుకు వెళ్ళానో ఒక్కసారి అడుగు. అనుమానం ఒక్కటే కాదు; అడిగితే మిగతాది చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఇట్లు,
నీ చేత తిట్లు తినడానికి తయారుగా ఉన్న
మీ ఆయన