దవాఖానకు పోయేముందు ఒంటిమీది సొమ్ముల పంపకం

ముందుగా దీన్ని చదివేవారు నన్ను మన్నించాలి. నేను ఐదో తరగతి వరకే చదివాను. నా అక్షరాలు వరుసలో నిలబడవు. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో సగం సార్లు తెలియదు. పెన్ను మా ఆయనది, సిరా కారుతుంది. కాగితం మీది నల్ల మరకలు బొగ్గువి కావు, ఆ పెన్నువి.

జంగపల్లి సదయ్య భార్య ఓదెమ్మ అను నేను, వయస్సు ఇరవై మూడు సంవత్సరాలు, కరీంనగర్ జిల్లా గోదావరిఖనిలో కంపెనీ క్వార్టరులో కాపురం ఉంటూ, నా తెలివి నా దగ్గరే ఉండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా, నా ఇష్టంతో రాస్తున్న వీలునామా ఇది. పొట్టలో కుడివైపు నొప్పి తప్ప నాకు ఇంకే లోపమూ లేదు.

రేపు సోమవారం ఉదయం అపెండిక్సు ఆపరేషన్ కోసం కంపెనీ దవాఖానలో చేరుతున్నాను. ఇది చిన్న ఆపరేషన్ అని డాక్టరు చెప్పాడు. మా ఆయన కూడా, "గింతదానికి వీలునామా ఏందే? రోజూ గని దిగేటోన్ని, నేనే రాయలే" అని నవ్వాడు. నిజం చెప్పాలంటే చావు భయం నాకు పెద్దగా లేదు. నా భయాలు రెండు. ఒకటి, లోపలికి తీసుకుపోయే ముందు ఒంటి మీద నగ ఒక్కటి కూడా ఉండకూడదని నర్సమ్మ చెప్పింది. తీసిన నగలన్నీ మా అత్త చేతికి పోతాయి. రెండోది మత్తు సూది. పక్క క్వార్టరు కుబ్రా బేగం నిన్న వచ్చి, "మత్తు ఇస్తె మనిషి లోపలున్నదంత బయటికొస్తది ఓదెమ్మా! మా తమ్మునికి కాలు ఆపరేషన్ చేస్తుంటె, దొంగతనంగ చూసిన సినిమాల పేర్లన్ని మా అబ్బాజాన్ ముందల్నే చెప్పిండు" అన్నది. నేను నోరు తెరవని మనిషినని ఈ క్వార్టర్ల వరసలో పేరు. అటువంటిదాన్ని నర్సుల ముందు ఏమేమి చెబుతానో!

ఈ రెండు భయాలూ నా ముక్కుపుడక దగ్గరే ఉన్నాయి. దాని సంగతి ఆరో అంశంలో రాస్తాను. ముందు సులువైనవి రాసి చేతికి కొంచెం ధైర్యం తెచ్చుకుంటాను.

ఈ వీలునామాను అమలు చేయవలసినవాడు నా భర్త సదయ్య. ఆయన మరిచిపోయే మనిషి కనుక పక్కన ఎవరైనా నిలబడి చదివి వినిపించాలి. నేను క్షేమంగా తిరిగి వస్తే కింద రాసినవన్నీ మళ్లీ నావే.

1. నా వెండి పట్టగొలుసులు మా ఆయన చెల్లెలు, నా ఆడబిడ్డ పూలమ్మకు చెందాలి. ఈ నెల ఇరవై ఆరున ఆమె పెళ్లి. ఇవి మా పెళ్లికి అత్త ఏరి కొన్నవి. "కోడలు నడిస్తె సప్పుడు ఇనబడాలె" అని మువ్వలు ఎక్కువగా ఉన్నవే తీసుకుంది. నేను మాట్లాడకపోయినా అవి నా బదులు మాట్లాడేవి. పూలమ్మకు ఆ అవసరం లేదు. ఆమె కావాలంటే సగం మువ్వలు తీయించుకోవచ్చు.

2. నా ఉంగరం మా ఆయనకే చెందాలి. మా ప్రధానం నాడు ఆయన నా వేలికి తొడిగినది ఇదే. నా వేలి కొలత అడగడానికి సిగ్గుపడి, తన చిటికెన వేలి కొలతతో చేయించుకొచ్చాడు. గనిలో తట్ట మోసిన చేయి ఆయనది. ఆ ఉంగరం నా బొటనవేలికి కూడా వదులైంది. పీటల మీద అందరూ నవ్వుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకంటే సిగ్గుపడే మనిషి లోకంలో ఉన్నాడని ఆ రోజే తెలిసి నా మనసు కుదుటపడింది. ఇప్పటికీ దానికి దారం చుట్టే పెట్టుకుంటున్నాను. ఆ దారం తీయవద్దు.

3. నా బంగారు చెవికమ్మలు మా అన్న పెట్టినవి. సమ్మెతో రైళ్లు బంద్ ఉన్నందున ఆయన నన్ను చూడడానికి రాలేకపోయాడు, ఈ కమ్మల సంగతి ఆయనకు ఉత్తరం రాసి చెప్పాలి. ఈ కమ్మలు కరిగించి పూలమ్మకు బంగారు ముక్కుపుల్ల చేయించాలి. రాయి ఉండకూడదు. ఎందుకో ఆరో అంశంలో ఉంది.

4. నా పుస్తెలు దవాఖానలో తీయమంటే మా ఆయన జేబులో పెట్టుకోవాలి. వాటితో డ్యూటీకి పోకూడదు. నేను లేకుండా పోతే ఆయన మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. కాని ఆ పిల్లకు ఉంగరం కొనడానికి ఆయనను ఒక్కడినే పంపకూడదు.

5. నగలు ఎంచే పని కూడా పూలమ్మకే ఇస్తున్నాను. మా వరసలో ఏ ఇంట్లో ప్రధానం ఉన్నా, పెళ్లి ఉన్నా, నగలు కొనడానికి నన్ను వెంట తీసుకుపోతారు. ఇందులో ఉన్న రహస్యం ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నాలుగేళ్ల కింద కుబ్రా బేగం చెల్లెలికి కమ్మలు కొనడానికి ఇద్దరం అవుసలి లింగమూర్తి నగల దుకాణానికి పోయాము. ఆయన ఒక జత నా ముందు పెట్టాడు. అవి నాకు చాలా నచ్చాయి. పరాయి మగమనిషితో ఆ మాట ఎట్లా చెప్పాలో తెలియక తల వంచుకొని కూర్చున్నాను. ఆయన కొంచెంసేపు చూసి, "అమ్మ కండ్లకు దొరికిపోయిన" అంటూ ఆ జత పక్కకు తోసి, లోపలి డబ్బా నుంచి ఇంకో జత తీశాడు. నేను ఇంకా వంగాను. ఆయన మూడో డబ్బా తెరిచాడు. బయటికి వచ్చాక కుబ్రా బేగం నా చేయి పట్టుకొని, "ఒక్క మాట అనకుండ మూడు డబ్బాలు తెరిపిచ్చినవ్! ఇగ నువ్వు లేకుంటె నేను సూది కూడ కొన" అన్నది.

అట్లా నాకు పేరు వచ్చింది. పేరు వచ్చాక తప్పించుకోలేక, వంగి కూర్చొని చూసి చూసి, నిజంగానే కొంత తెలుసుకున్నాను. పూలమ్మ గుర్తుంచుకోవలసినవి ఇవి. రాయిని దుకాణంలో దీపం కింద చూసి మురిసిపోకూడదు, బయటికి తెచ్చి నీడలో చూడాలి. వెనుక రేకు వేసి మూసిన రాయిని నమ్మకూడదు, రేకు మెరుపు కూడా రాయి మెరుపులాగే ఉంటుంది. రాయి మీద నోటితో ఆవిరి ఊదాలి. వజ్రమైతే ఆ మబ్బు వెంటనే పోతుంది, గాజైతే కొంతసేపు నిలుస్తుంది. కమ్మల మరలు మూడుసార్లు తిప్పి చూడాలి, రేపు చంటిపిల్లలు పట్టుకొని గుంజుతారు. పెళ్లికూతురును అడగకుండా ఏదీ కొనకూడదు. ఆమె తల వంచుకుంటే నచ్చలేదని అనుకోకూడదు. పూలమ్మ గలగల మాట్లాడే పిల్ల కనుక, దుకాణం మెట్లు ఎక్కేముందు నోట్లో ఒక వక్కపలుకు పెట్టుకుంటే మంచిది.

6. ముక్కుపుడక. ఇది మా మామ పోశం తెచ్చినది. బెల్లంపల్లి గనిలో కొలువు దొరికిన కొత్తలో, ఒక జాతరలో కొని, వజ్రమని చెప్పి మా అత్త ఐలవ్వకు ఇచ్చాడు. మామ పోయినప్పుడు అత్త దాన్ని తీసేసింది. మరుసటి సంవత్సరం మా ప్రధానంలో, "మీ మామ వజ్రం" అని నా ముక్కుకు పెట్టింది. నేను ఐదేళ్లు తీయలేదు. ఈ ఉగాదికి అత్త దాన్ని అడిగి తీసుకొని, గిన్నెలు తోమినట్టే మా పొయ్యిలోని బొగ్గు బూడిదతో బాగా తోమింది. ఈ ఖనిలో అందరం అన్నిటినీ తోమేది దానితోనే. తోమి కడిగాక రాయి మసకబారింది. అత్త దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. నేను పక్కకు తీసుకుపోయి చూస్తే రాయి నిండా సన్నని గీతలు ఉన్నాయి. బూడిదకు గీతలు పడే రాయి వజ్రం కాదు. ఆవిరి ఊదాను. మబ్బు నిలిచింది. అది గాజు. ఏమీ తెలియనట్టు మళ్లీ ముక్కుకే పెట్టుకున్నాను.

ఈ మాట రెండు నెలలుగా నా నోట్లోనే ఉంది. అత్త ఆ ముక్కుపుడకను పూలమ్మకు పెట్టి పంపుతామని బసంత్‌నగర్ సంబంధం వారికి మాట ఇచ్చింది. పెళ్లికొడుకు తల్లి పూలమ్మ ప్రధానం నాడే, "వజ్రమంటున్నరు గద, మా అవుసలికి ఓసారి చూపిచ్చుకుంటం వదినా" అని నవ్వింది. ఆమె తప్పక చూపిస్తుంది. అప్పుడు గాజు పెట్టి పంపారనే మాట పూలమ్మ కాపురం ఉన్నన్నాళ్లూ ఆమె వెంట ఉంటుంది. రేపు దవాఖానలో నా ముక్కు నుంచి తీసింది నేరుగా పెళ్లి పెట్టెలోకి పోతుంది. అందుకని ముక్కుపుడక పూలమ్మకు చెందకూడదని రాస్తున్నాను. సంగతి పూలమ్మకు చెప్పాలి. అత్తకు మాత్రం చెప్పకూడదు. అది మామ చేతితో ఇచ్చింది, ఆమెకు వజ్రంగానే ఉండాలి. ఏ సాకు చెప్పాలో మా ఆయన ఆలోచించాలి, నాకు తోచలేదు.

ఇక్కడిదాకా రాసి తలెత్తేసరికి అత్త గుమ్మంలో నిలబడి ఉంది. "పొద్దట్నుంచి ఏం గీకుతున్నవే?" అని అడిగింది. ఆమెకు చదువు రాదు. "నా పేరు ఉన్నదా అండ్ల?" అన్నది. తల ఊపాను. "అయితె సదువు" అని ఎదురుగా కూర్చుంది. నాకు అబద్ధం చదవడం రాదు. ఉన్నది ఉన్నట్టు చదివాను. ఉంగరం దగ్గర ఆమె కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఐదో అంశం అయ్యాక నా నోరు ఆగిపోయింది. "ఆగినవేంది? ముక్కుపుడక రాంగనే ఆగినవ్. సదువు" అన్నది. తల వంచుకొని మొత్తం చదివాను. ఐదేళ్లలో ఆమె ముందు అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి.

పొయ్యి మీద అన్నం పొంగి గంజి కారుతున్నా ఇద్దరమూ లేవలేదు. తర్వాత అత్త చేయి చాపి, "ఇటియ్యి" అన్నది. తీసి ఇచ్చాను. ఆమె తానే ఆవిరి ఊది, మబ్బు పోయేదాకా చూసింది. "ఆయనను ఎవడో మోసం జేసిండు. ఆయన నన్ను మోసం జెయ్యలే" అన్నది. ఇంకా కొంచెంసేపు చూసి, "వజ్రమని బిడ్డకు ఇయ్యబోతి. వజ్రమైతె ఇయ్యాలె. గాజైతె ఇంకెవలికి గావాలె? నాది నాకే" అని తన ముక్కుకు పెట్టుకోబోయింది. ఆరేళ్లకు రంధ్రం సగం పూడింది. నేను కొబ్బరినూనె రాసి మెల్లగా ఎక్కించాను. మొగుడు లేని మనిషి ముక్కుపుడక పెడితే ఈ వరసలో ఏమంటారో ఇద్దరికీ తెలుసు. అద్దంలో చూసుకొని, "ఎవలేమంటె నాకేంది" అన్నది.

వియ్యపురాలి సంగతి కూడా ఆమే తేల్చింది. "రేపే కబురు చేస్త. మా పిల్లకు బంగారం పుల్ల పెడుతున్నం, రాయి లేదు, మీ అవుసలికి మంచిగ చూపిచ్చుకోండ్రి అని చెప్త" అన్నది. నా కమ్మల మాట ఎత్తితే కోపం వచ్చింది. "నీ చెవులు బోడిగ జేసి నా బిడ్డను పంపుతనా? నా బంగారు గుండ్లు పెట్టెల పడి ఉన్నయి, అవి కరిగిస్త" అన్నది. కాబట్టి అత్త ఆజ్ఞ ప్రకారం మూడో అంశం కొట్టివేయడమైనది.

7. పై కారణాల వల్ల ముక్కుపుడక మా అత్త ఐలవ్వది. ఇది నేను ఇచ్చింది కాదు, ఆమెది ఆమె తీసుకుంది. దాన్ని ఇకమీదట కుంకుడు రసంతోనే కడగాలి.

సాక్షి సంతకం చేసేవారికి వాటా ఉండకూడదని కుబ్రా బేగం భర్త అలీముద్దీన్ అన్న చెప్పాడు. అందుకే కుబ్రా బేగం ఎప్పటినుంచో అడుగుతున్న నా ఇత్తడి పాందాన్, ఆకువక్కల డబ్బా, ఆమెకు నిన్ననే ఇచ్చేశాను. అది ఇందులో లెక్క కాదు.

మత్తు సూదికి ఇప్పుడు నాకు భయం లేదు. చెప్పవలసింది చెప్పేశాను.

చివరి మనవి. నేను లేచి నడిచి వస్తే ఆ పూటే, రాకపోతే పంపకాలు అయిన మరుసటి పూట, ఈ కాగితాన్ని మా బొగ్గుల పొయ్యిలో పెట్టండి. ఇందులో మామ తెచ్చిన రాయిని చాలాచోట్ల గాజు అని రాశాను. అట్లా చెప్పే కాగితం ఈ ఇంట్లో మిగలకూడదు. అత్త ఆ ముక్కుపుడకతోనే ఇప్పుడు బిందె పట్టుకొని నల్లా దగ్గరికి పోయింది. అక్కడ అందరూ అడుగుతారు. ఆమె వజ్రమని చెప్పినా నేను కాదనను. దయచేసి కాల్చండి.

తేది 12-5-1974, ఆదివారం సాయంత్రం
గోదావరిఖని

జంగపల్లి ఓదెమ్మ (వ్రాలు)

సాక్షులు:
1. అలీముద్దీన్, ఫిట్టరు
2. కుబ్రా బేగం (ఉర్దూలో సంతకం చేసింది)