గులాబీ రంగు ముక్కు

5-6-2005, ఆదివారం

ముక్కు వచ్చింది.

మా బొమ్మ విమానాల గ్రూపులో కుర్రాడు హేమచంద్ర లండన్‌లో ఆన్‌సైట్ ఉద్యోగం ముగించుకుని వస్తూ తెచ్చాడు. హంటర్ ట్రైనర్ విమానం ముక్కు. రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో పోసింది, వేలెడంత ఉంది. నా దగ్గరున్న బొమ్మ కిట్‌లో విమానానికి ఒకటే సీటు. దాని ముక్కు కోసేసి ఇది అతికిస్తే రెండు సీట్లది అవుతుంది. వీటిని చేసే కంపెనీ మూతపడిందట. షాపులో మిగిలిన ఆఖరిది ఇదేనట.

ఎయిర్‌ఫోర్సులో రిటైరయ్యే ముందు ఆఖరుగా నేను రంగు వేసిన అసలు విమానం అలాంటిదే. తోక దగ్గర నంబరు నా చేత్తోనే రాశాను. తరవాత తుక్కు కింద ఇచ్చేశారని విన్నాను. చిన్నదైనా సరే, దాన్ని మళ్ళీ నిలబెట్టాలి.

ఎప్పట్లాగే రెజిమెంటల్ బజార్‌లో, బాబూరావు గారి డెంటల్ ల్యాబ్‌లో కూచున్నాం. నా పళ్ళ సెట్టు చేసింది ఆయనే. ట్రయల్‌కి వెళ్ళిన రోజు అక్కడ షెల్ఫ్ మీద చిన్న విమానం చూశాను. అలా అయింది స్నేహం. ఇంట్లోవాళ్ళు కాక ఈ ఊళ్ళో నాకు వేరే ఎవరూ లేరు.

ఆయన ముక్కుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఏవండీ ఎల్లాజీ గారూ, ఓ వారం నా దగ్గర ఉంచండి, కొత్త పెళ్ళికూతుర్ని దాచినట్టు అలా దాచేస్తారేంటండీ అన్నారు. అందరూ నవ్వారు. కాదనడం నాకు చేతకాలేదు.

టీ కొంచెం పేంటు మీద ఒలికింది. ల్యాబ్‌లో పనిచేసే జకర్యా కప్పు మరీ నిండా పోస్తాడు.

8-6-2005

వారం ఎందుకు? చూడ్డానికి అరగంట చాలదా?

12-6-2005, ఆదివారం

ముక్కు తిరిగొచ్చింది. అదే కవరు, అదే పిన్ను. ఇంటికొచ్చాక కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూశాను.

కాక్‌పిట్ లోపల, మూలకి, గులాబీ రంగు. ఆవగింజలో సగం కూడా లేదు. గోటితో గీకితే మెత్తగా వచ్చింది. మైనం.

నోట్లోంచి పళ్ళ సెట్టు తీసి పక్కన పెట్టి చూశాను. రంగు పోల్చి చూడందే నాకు తోచదు. చిగుళ్ళ రంగు ఇంచుమించు అదే. నా పళ్ళు మొదట ట్రయల్‌కి ఇలాంటి మైనం మీదే గుచ్చి తెచ్చారు. ఆ వాసన నాకింకా గుర్తే.

మైనం ఎందుకు పెడతారు? కన్నాలు మూయడానికి. కన్నాలు ఎందుకు మూస్తారు? అచ్చు తీయడానికి.

కోడలు తిరుమల ఆదివారం డ్యూటీకి బ్యాగు తగిలించుకుని వెళ్తూ చూసింది. ఇదేటి మావయ్యా, విమానానికి పళ్ళు పెడతన్నారా, కరుస్తదా ఏటి అంది. నేను పళ్ళు నోట్లో పెట్టుకునేసరికి వెళ్ళిపోయింది.

కంపెనీ చేసిన భాగానికి అచ్చు తీసి కాపీలు పోసి అమ్ముకునేవాళ్ళు ఉన్నారు. మా గ్రూపులో అది దొంగతనం. ఆ మాట అందరికంటే గట్టిగా అనేది బాబూరావు గారే.

14-6-2005

హేమచంద్ర ఫోన్ చేశాడు. నెట్‌లో ఎవరో కాపీ ముక్కలు అమ్ముతున్నారట, మన ఊరివాళ్ళేమో అని అనుమానంట. ఎవరని అడిగాను. తెలీదు అంకుల్, బాబూరావు గారినడగండి, అచ్చులు పొయ్యడంలో ఆయనే కదా మాస్టర్ అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు.

19-6-2005, ఆదివారం

వెళ్ళాను. చూడ్డానికే వెళ్ళాను.

నేను మెట్లెక్కేసరికి బాబూరావు గారు ఏదో గబుక్కున సొరుగులో పడేసి మూశారు. రండి రండి అన్నారు. ఎప్పుడూ అలా రెండుసార్లు అనరు.

మాట్లాడుతూ నా మొహం చూడలేదు. నా చేతుల వంక చూస్తున్నారు. చేతిలో కవరేమైనా తెచ్చానేమో అని కాబోలు.

టీ కప్పులో ఇవ్వలేదు. గ్లాసులో ఇచ్చారు. అదీ సగమే. మిగతావాళ్ళకి నిండా పోశారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు ఇది. మనసు మారితే ముందు టీ దగ్గరే తెలుస్తుంది.

ముక్కు వెనక రెజిన్ దిమ్మ ఉంటుంది. పోసినప్పుడు మిగిలేది. అది రంపంతో కోసి తీసేయాలి. బాబూరావు గారు ఆ పని ఇక్కడ మెషీన్ మీద జకర్యా చేస్తాడండి, ఓ సారి తెచ్చిపారెయ్యండి అన్నారు. జకర్యా కూడా అందుకున్నాడు. ఇంత కష్టమెందుకు తాతా, నాకియ్యి, పన్ను అరగదీసినట్టు అరగదీస్తా, నీకేం తక్లీఫ్ వద్దు అన్నాడు. తన నెత్తి సగం నెరిసినా నన్ను తాతా అంటాడు.

ఇద్దరూ ఒకే మాట. ముందే అనుకున్నట్టున్నారు. మొదటి అచ్చు సరిగా రాలేదేమో.

నేను చేసుకుంటాను అన్నాను. అంత గట్టిగా అన్నందుకు నాకే వింతగా ఉంది.

26-6-2005, ఆదివారం

వెళ్ళలేదు. కడుపునొప్పి అని చెప్పించాను.

సాయంత్రం జకర్యా మెట్టుగూడలో మా ఇంటి దాకా సైకిల్ మీద వచ్చాడు. ఏందీ తాతా, సార్ పొద్దటిసంది దర్వాజ దిక్కే చూస్తుండు, నువ్వు రాకుంటే ఆయనకు ఛాయ్ సుత దిగదు, వేరే ల్యాబ్ల పళ్ళు కట్టించుకున్నవా ఏంది అన్నాడు. మాట్లాడుతూ గేటు మీదున్న నా చెయ్యి వంకే చూశాడు. ఇతనూ అంతే.

లోపలికి రమ్మనలేదు. టేబుల్ మీద ముక్కు ఉంది.

1-7-2005

కిట్ ముక్కు కోసేశాను. ఇక వెనక్కి పోలేను. బాగానే కోశాను. కొంచెం వంకర, సాన పడితే పోతుంది.

2-7-2005

పోయింది.

మధ్యాహ్నం దిమ్మ కొయ్యడం మొదలెట్టాను. సగం దాకా బాగానే వెళ్ళింది. చెయ్యి ఎగిరింది. రంపం కాక్‌పిట్‌లోంచి అడ్డంగా పోయింది. పట్టుకోబోతే కింద పడింది. రెండు ముక్కలు. అంచు పొడైపోయింది, అతకదు.

వెలుతురు చాలలేదు. ఫ్యాను గాలి ఒకటి.

అబ్బాయి సూరి షిఫ్టుకి వెళ్తూ ఏటి నాన్నా అలాగున్నావు అన్నాడు. ఏం లేదు అన్నాను.

కిట్‌కి ముక్కు లేదు. ముక్కుకి ఆకారం లేదు. నా విమానం రెండోసారి తుక్కయింది.

3-7-2005, ఆదివారం

తెల్లారేసరికి ఒకటే ఆలోచన. ఆయన దగ్గర కాపీలుంటాయి. దొంగ సరుకైనా సరే, ఒకటి కావాలి. అడగాలి. దొంగా అని కూడా అడగాలి. దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను.

ల్యాబ్‌లో జేబులోంచి రెండు ముక్కలూ తీసి బల్ల మీద పెట్టాను.

బాబూరావు గారు చూశారు. ఆ సొరుగు తీశారు.

అందులో ఒకే ఒక ముక్కు. గులాబీ రంగుది. పళ్ళ సెట్లు పోసే సరుకుతో పోసింది. ప్రతి గీతా ఉంది. వెనక దిమ్మ లేదు, నున్నగా కోసేసి ఉంది.

ఎన్ని తీశారు అని అడిగాను. ఒకటేనండీ, అచ్చు ఆ రోజే కోసి పారేశాను, కావాలంటే జకర్యాని అడగండి అన్నారు. జకర్యా అక్కణ్ణుంచే, నాతోనే కోయించిండు తాతా, దొంగ పని చేసినమని రెండు దినాలు పరేషాన్ అయిండు అన్నాడు.

ఎందుకు తీశారు అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఉగాది నుంచీ చూస్తున్నానండీ, మీ కప్పు సాసర్ మీద మోగుతోంది, మీకు తెలీదు, కానీ నాకు వినబడుతోంది అన్నారు. రంపం పట్టుకోవద్దని మీకు చెప్పే ధైర్యం నాకెక్కడిదండీ, చెబితే రావడం మానేస్తారు, చెప్పకపోయినా మానేశారు అన్నారు. పోయిన వారం ఆయనకి భోజనం సయించలేదట.

నా చేతిని బల్ల మీద పెట్టి చూసుకున్నాను. అందరూ చూసిందే, నేనే చూడలేదు.

చేతుల డాక్టరు పద్మారావు నగర్‌లో ఉన్నాడట. మంగళవారం తను కూడా వస్తానన్నారు. వద్దనలేదు.

దొంగా అన్న మాట మాత్రం అనలేదు. ఆయన్ని నేనలా అనుకున్నట్టు ఆయనకి తెలిసే ఉంటుంది.

5-7-2005

డాక్టరు మాత్రలు రాశాడు. పూర్తిగా తగ్గదట.

24-7-2005, ఆదివారం

గులాబీ ముక్కు జకర్యా అతికించాడు. రంగు నేను కలిపాను. మోచెయ్యి బల్లకి ఆనించి నేనే వేశాను. పెద్ద బ్రష్షుతో పరవాలేదు. కాక్‌పిట్ లోపల, మైనం దొరికిన మూల మాత్రం వెయ్యలేదు. అద్దం మూస్తే కనబడదు.

నంబరు నాతో కాలేదు. మూడుసార్లు తుడిచాను. హేమచంద్ర డెకాల్ అంకెలు తెచ్చిచ్చాడు. నీళ్ళలో నానబెట్టి బాబూరావు గారు అంటించారు. అంకె అంకెకీ సరేనా అని నన్నడిగారు.

నెట్‌లో అమ్మేవాడు వేరే ఊరివాడట. హేమచంద్ర చెప్పాడు. నేను అడగలేదు.

31-7-2005, ఆదివారం

టీ. నా గ్లాసులో సగమే. తాగేసి, ఇంకో సగం పొయ్యమన్నాను.