ఏటిగట్టున మూసిన తలుపు

అక్కా,

ఇక్కడ ఒకటే వాన. నిన్న అన్నం డబ్బాలు కట్టే పని ముగించుకుని, విదేశీయుల సహాయ కేంద్రం తరఫున ఏటిగట్టు ఇళ్ళకు వెళ్ళాను. వరద హెచ్చరిక మైకులో మన జపనీసులోనే చెబుతారు, అక్కడుండే విదేశీయులకు అర్థం కాదు. తోడుగా పేట అగ్నిమాపక దళంలోని మొచిజుకి వచ్చాడు.

మా వంట క్లాసుకు వచ్చే వియత్నాం పిల్ల లియెన్ తలుపు తీయలేదు. లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించి, చటుక్కున ఆగిపోయింది. బిడ్డ నోరు నొక్కిందేమోనని గట్టిగా తలుపు తట్టాను. నీళ్ళు గుమ్మం మెట్టు దాకా వచ్చాయి.

"నా యూనిఫాం చూసి పోలీసనుకున్నారు వదినా. మా ఆవిడ మాత్రం దీనికి ఒక్కనాడూ భయపడదు" అంటూ మొచిజుకి కోటు విప్పేసి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

"లియెన్, నేను చిజుని. ఒక్కదాన్నే ఉన్నా, తియ్యి. బడిలో వరద శిబిరం పెట్టారు, అక్కడ తలదాచుకుందురు గాని."

"బడికి రాం పిన్నీ. అక్కడ పేర్లు అడుగుతారు" అంది తలుపు సందులోంచి.

చివరికి తలుపు తీసి సంగతి చెప్పింది. ఆమె భర్త ఖాంగ్, యజమాని కొడుతున్నాడని ఫ్యాక్టరీ నుంచి పారిపోయి వచ్చాడట. పని వదిలితే వీసా చెల్లదు, దొరికితే దేశం నుంచి పంపించేస్తారు. ముగ్గురినీ మా ఇంటికే తెచ్చాను. శుక్రవారం కేంద్రానికి లాయరు వస్తాడు, ఎవరికీ చెప్పడు అన్నా ఖాంగ్ నమ్మలేదు. వీధిలో ఏ బండి ఆగినా లేచి నిలబడ్డాడు. నాకూ నిద్ర లేదు.

మీ వైపు కొండచరియలు జారలేదు కదా? బావను గట్టు మీదికి పోనివ్వకు. పోస్టుకార్డు ఎవరైనా చదవొచ్చు గనుక వాళ్ళ పేర్లు మార్చి రాశాను. అయినా చదివి పొయ్యిలో పెట్టు. ఎవరైనా నా గురించి అడిగితే తెలియదను. పిల్లలు చల్లగా ఉండాలి.

లాయరు వచ్చేదాకా ఆగకుండా, ఈ తెల్లవారుజామున మొదటి బస్సుకు ముగ్గురూ వెళ్ళిపోయారు.

చిజు