పిక్కకి రెండు సెంటీమీటర్ల లూజు

టైలరు మాస్టారికి నమస్కారం.

సోమవారం ఉదయం పదింటికి మీ పిక్క చుట్టుకొలత ముప్పై సెంటీమీటర్లు వచ్చింది. ముప్పై ఒకటి కంటే తగ్గితే కండ కరుగుతున్నట్టు లెక్క. గుర్తుపెట్టుకోమన్న మూడు మాటల్లో ఒకటి మరిచిపోయారు కూడా. రెండూ కలిస్తే మతిమరుపు జబ్బు రావచ్చని డాక్టరుగారి భయం. రోజూ రెండు గుడ్లు, పప్పు, పాలు తీసుకోండి. పదిహేను రోజులయ్యాక ఇంట్లోనే పిక్క కొలిచి రాయండి.

ఇట్లు,
క్లినిక్ నర్సు

తా.క. చేతి పట్టు చూసే మిషన్లో మాత్రం ముల్లు చివరిదాకా పోయింది. ఎలాగో ఎవరికీ అర్థం కాలేదు.

నర్సమ్మకు ఆశీస్సులు.

మీ ఉత్తరం ముందు మా అమ్మాయి చదివింది. నాకు మతి పోతోందని దుకాణం తాళంచెవి తన సంచిలో వేసుకుంది. మీరు సరేనని రాస్తేగానీ ఇవ్వదట. గుడ్లు తింటున్నాను. పిక్క ముప్పై నాలుగు.

ఇట్లు,
టైలరు

తా.క. నలభై ఏళ్లు కత్తెర పట్టిన చెయ్యి. మీ మిషన్ విరగనందుకు సంతోషించండి.

మాస్టారూ,

ముప్పై గుడ్లకి నాలుగు సెంటీమీటర్ల కండ ఎక్కడా పెరగదు. కాలికి నీరైనా పట్టి ఉండాలి, మీరు కొలవడమైనా మరిచిపోయి ఉండాలి. డాక్టరుగారు రెండోదే అంటున్నారు. తాళంచెవి అమ్మాయి దగ్గరే ఉండనివ్వండి.

ఇట్లు,
నర్సు

తా.క. కొలిచింది పిక్కేనా?

నర్సమ్మా,

కొలవడం కంటే ముందు నా పేరు మరిచిపోతాను. ఒప్పుకుంటున్నాను, రెండు సెంటీమీటర్లు లూజు కలిపాను. ఉన్నది ఉన్నట్టు రాస్తే మనిషి కూర్చోగానే కుట్టు పిగులుతుంది. చేతి అలవాటు. అది తీసేస్తే ముప్పై రెండు. మరి మీకు ముప్పై ఎందుకొచ్చింది? మీది బట్ట టేపు. అంకెలు అరిగాయి, లాగిలాగి సాగింది. ఇనుప స్కేలు పక్కన పెట్టి చూడండి.

ఇట్లు,
తాళంచెవి లేని టైలరు

తా.క. మీ డాక్టరుగారి నడుము ముప్పై ఎనిమిది అంగుళాలు. తొడుక్కున్నది ముప్పై ఆరు ప్యాంటు. ఎవరు ఏం మరిచిపోయారో ఆయన్నే అడగండి.

ఇంకో తా.క. ఆ రోజు రాని మూడో మాట గొడుగు. దారిలో తడిశాక గుర్తొచ్చింది. అది మీ దగ్గరే వదిలేశాను.

మాస్టారికి నమస్కారం.

స్కేలు పెట్టి చూశాం. మా టేపు ముప్పై అంటే స్కేలు ముప్పై రెండు అంది. ఆ టేపుతో కొలిచి గుడ్లు తినమన్నవాళ్లు మీరు కాక నలభై ఆరుగురు. అందరినీ వచ్చే సోమవారం పదింటికి మళ్లీ రమ్మన్నాం. మీరు మీ టేపుతో తొమ్మిదిన్నరకే రండి. కొలిచేది మీరు, రాసుకునేది నేను. లూజు కలపొద్దు. ఈ ఉత్తరం అమ్మాయికి చూపించి తాళంచెవి తీసుకోండి.

ఇట్లు,
నర్సు

తా.క. వరుసలో నలభై ఏడో మనిషి డాక్టరుగారు. ప్యాంటు కూడా తెస్తున్నారు.

ఇంకో తా.క. పన్నెండింటికి మీకు మళ్లీ మూడు మాటల పరీక్ష. అందులోంచి గొడుగు తీసేశాం. అది కౌంటరు దగ్గరే కనబడుతూ ఉంటుంది.